ఇత్తడి పెన్ను మూత బిగుసుకుపోతోందా? మైక్రోమీటరు మాట ఒక్కదాన్నే నమ్మకండి

ఇంటి లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) మీద లోహపు పెన్ను చేసేవారిని ఎక్కువగా విసిగించేది నిబ్బూ కాదు, రీఫిల్లూ కాదు. తోసి పెట్టే మూత. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి నా దగ్గరకు సరిచేయడానికి వచ్చే పెన్నులలో ఫిర్యాదు దాదాపు ఒకటే. మూత చక్‌లో (లేత్ మీద పనిముక్కను పట్టి తిప్పే బిగింపులో) ఉన్నంతసేపూ బాడీ అందులోకి నూనె రాసినట్టు జారుతుంది, విప్పి చేతిలోకి తీసుకోగానే పట్టేస్తుంది, కొలిచి చూస్తే మాత్రం 0.03 మి.మీ. సందు ఉన్నట్టే కనిపిస్తుంది. టూలును సెంటరు ఎత్తుకు పెట్టడం, డ్రిల్ చేసి బోర్ చేయడం మీకు వచ్చుననే అనుకుని ఇది రాస్తున్నాను.

ముందుగా బర్ (కోసిన అంచున మిగిలే పదునైన లోహపు ఉబ్బు) చూడండి. మూత లోపలి అంచు మీద గోరు గీసి చూడడానికి క్షణం పట్టదు, అయినా ఆ పని చేయకుండా బోరు (మూత లోపలి రంధ్రం) పెద్దది చేసి మూతను పాడుచేసుకునేవారే ఎక్కువ. గోటికి ఏమైనా తగిలితే స్క్రేపరుతో అంచు తీసి, కిరోసిన్‌లో కడిగి, అడుగున నొక్కుకుపోయిన ఇత్తడి రజనును పుల్లతో పూర్తిగా రాల్చి, మూత చల్లారాక మళ్లీ పెట్టి చూడండి. సగం ఫిర్యాదులు ఇక్కడే ముగుస్తాయి.

చక్‌లో ఉన్నప్పుడు కూడా మూత సగం దాకానే ఎక్కి ఆగిపోతుంటే బోరు లోపలికి సన్నబడుతోందని అర్థం. బల్ల ఎగుడుదిగుడుగా ఉండి లేత్ బెడ్ (యంత్రం కింది పొడవాటి ఆధారం) మెలితిరగడం దీనికి మామూలు కారణం. చక్‌లో బిగించిన కడ్డీని టెయిల్‌స్టాక్ (లేత్ రెండో కొసన ఉండే ఆనిక) ఆసరా లేకుండా రెండు చోట్ల ఒకే సెట్టింగుతో కోసి కొలవండి; తేడా వస్తే అది పోయేదాకా కాళ్ల కింద రేకుముక్కలు పెట్టి సరిచేయండి.

చక్‌లో సరిగా ఉండి, విప్పాకనే పట్టేసే మూత సంగతి వేరు. పలుచని గొట్టాన్ని త్రీ జా (మూడు దవడల) చక్ గట్టిగా పట్టినప్పుడు దవడలు ఆనిన మూడు చోట్ల గోడ లోపలికి నొక్కుకుంటుంది, వాటి మధ్య భాగాలు బయటికి ఉబ్బుతాయి. ఆ స్థితిలోనే మీరు బోరును చక్కగా గుండ్రంగా కోస్తారు. చక్ వదలగానే గోడ తన పాత ఆకారానికి తిరిగి వస్తుంది కాబట్టి, కోసిన బోరు దవడలు ఉన్న చోట వెడల్పుగా, మధ్యలో ఇరుకుగా మారి మూడు మూలల ఆకారం పొందుతుంది.

దీన్ని మైక్రోమీటరు ఎందుకు పట్టుకోలేదో అర్థమైతే మిగతాదంతా తేలిక. మూడు దవడల అమరికలో ఏ దవడకైనా సరిగ్గా ఎదురుగా ఉండేది మరో దవడ కాదు, రెండు దవడల మధ్య ఖాళీ. అంటే వెడల్పయిన చోటికి ఎదురుగా ఎప్పుడూ ఇరుకైన చోటే ఉంటుంది. ఒకవైపు పెరిగినది రెండో వైపు తగ్గి, ఎదురెదురు బిందువుల మధ్య దూరం ఎటు తిప్పి కొలిచినా ఇంచుమించు ఒకటే వస్తుంది. టెలిస్కోపిక్ గేజ్ అయినా, వెర్నియర్ లోపలి కొనలయినా రెండు బిందువుల మధ్యే కొలుస్తాయి కనుక అవీ అదే మాట చెబుతాయి.

నిర్ధారణకు ఖరీదైన పరికరమేమీ అక్కరలేదు. బాడీ చివర చుట్టూ మార్కరు సిరా పూసి, ఆరాక, ఏమాత్రం తిప్పకుండా నేరుగా మూతలోకి తోసి, అలాగే నేరుగా బయటికి లాగండి. సిరా చుట్టూతా చెరిగితే అది సన్నబడిన బోరు. మూడు నిలువు చారలుగా చెరిగి, ఆ చారలు మూత బయట కనిపించే దవడల గుర్తులకు సరిగ్గా మధ్యలో పడితే ఇక సందేహించనక్కరలేదు.

పరిష్కారాలలో అన్నిటికంటే మంచిది పని వరుస మార్చడం. గట్టి కడ్డీని చక్‌లో పట్టుకుని, మూత మొత్తం దవడల బయట ఉండేలా చూసుకుని, బోరూ బయటి తిప్పుడూ ఒకే బిగింపులో ముగించి, చివర పార్టింగ్ టూలుతో కోసి వేరుచేయండి. చక్‌లో మిగిలే ముక్క వృథా అవుతుంది, ఇత్తడిని కిలో లెక్కన కొనేవారికి ప్రాణం ఒప్పదు. కానీ పాడైన మూత బరువు ఆ ముక్క కంటే ఎక్కువే. మళ్లీ పట్టక తప్పకపోతే మూత బయటి కొలతకు బోర్ చేసిన మందపాటి రింగును ఒకవైపు రంపంతో చీల్చి, ఆ చీలిక రెండు దవడల మధ్యకు వచ్చేలా అమర్చి, అందులో మూతను పట్టండి. ఒత్తిడి చుట్టూ పరుచుకుంటుంది. కాలెట్ (పనిముక్కను చుట్టూ సమానంగా పట్టే చీలికల గొట్టం) ఉంటే సరేసరి. ఆఖరి కోతకు ముందు చక్ బిగింపును కాస్త వదులు చేయడం కూడా మేలే.

ఇప్పటికే చెడిన మూతను అదే రింగులో పట్టి, గోడ మందం అనుమతిస్తే, తేలికపాటి కోతతో మళ్లీ బోర్ చేసి, పెరిగిన కొలతకు బాడీని కొత్తగా తిప్పుకోవచ్చు. వాల్వు గ్రైండింగ్ పేస్టు పూసి మూతనూ బాడీనీ ఒకదానిలో ఒకటి రుద్దవద్దు. ఆ గరుకు రేణువులు మెత్తని ఇత్తడిలో నాటుకుని తరువాత కూడా అరగదీస్తూనే ఉంటాయి.

కడ్డీలో మిగిలిన ఒత్తిడి, సాయంత్రం వోల్టేజీ పడిపోవడం, అరిగిన చక్ స్క్రోలు (దవడలను జరిపే లోపలి చక్రం) వంటివి కూడా కారణాలేనని కొందరు అంటారు. ఉండవచ్చు గానీ, మూడు చారలు కనిపించిన మూతకు వాటి గురించి ఆలోచించనక్కరలేదు. ఒక్క మినహాయింపు పర్లాకిమిడి కొమ్ము పనివారి చేత బాడీకి కొమ్ము తొడుగు వేయించుకున్న పెన్ను. కొమ్ము తేమకు ఉబ్బుతుంది కాబట్టి, వానాకాలంలో మూత బిగిస్తే ఇత్తడిని ముట్టుకోకుండా తొడుగునే సన్నని గరుకు కాగితంతో రుద్దండి.