షాపులో జారిపడితే ముందు ఆస్పత్రి చీటీ సరిచూసుకోండి

వైజాగ్ మహారాణిపేటలో నాది చిన్న టైపింగ్ సెంటర్. ఇటు కోర్టు, అటు కేజీహెచ్ పెద్దాసుపత్రి. నేను లాయర్ని కాను, లాయర్లు చెప్పింది టైపు కొట్టేవాణ్ణి. షాపు మెట్ల మీద జారినవాళ్ళూ, అపార్ట్‌మెంట్ సెల్లార్లో కాలు విరిగినవాళ్ళూ నష్టపరిహారం నోటీసు కొట్టించుకోడానికి వస్తుంటారు. నేను ముందు అడిగేది క్యాజువాలిటీ చీటీ, అంటే ఆస్పత్రి ఎమర్జెన్సీలో రాసిచ్చేది.

చాలా కేసులు అక్కడే పోతాయి. డ్యూటీ డాక్టరు "ఏటమ్మా, ఎలా పడ్డావు?" అని అడగ్గానే పక్కనున్న బావగారు "ఇంట్లో బాత్రూంలో జారిందండీ" అనేస్తారు. పోలీసు గొడవెందుకని ఆయన భయం. డాక్టరు అదే రాస్తాడు. తర్వాత అవతలి లాయరు ఆ ఒక్క లైనూ చదివి కూర్చుంటాడు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పండి: ఫలానా షాపు, ఎన్నో మెట్టు, తడి ఉందా, ఎన్ని గంటలకి. రాసింది చదివించుకోండి. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకి తెలిపే గాయం కేసు) రాస్తామంటే వద్దనకండి. ఎముక విరిగితే చట్టం దాన్ని తీవ్ర గాయంగానే చూస్తుంది. ఎదుటివాడి ప్రమాదకరమైన నిర్లక్ష్యం వల్ల అయితే భారతీయ న్యాయ సంహిత 125 కింద 3 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు.

నేల ఆరకముందే ఫోటో తీయించండి. ఫోన్లోంచి చెరపొద్దు. సీసీ కెమెరాలో పాతదాని మీద కొత్తది ఎక్కిపోతుంది కాబట్టి ఆ రోజే మేనేజరుకి తెల్లకాగితం మీద "ఈ తేదీ, ఈ టైము రికార్డింగు భద్రపరచండి" అని రాసిచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకోండి. వేయనంటే స్పీడు పోస్టులో పంపి రసీదు దాచండి.

ఇంకోటి. మేనేజరు ఎంతో మర్యాదగా ఆటో పిలిచి, రెండు వేలు చేతిలో పెట్టి, ఓ కాగితం ముందుకు తోస్తాడు. డబ్బు తీసుకోండి, తప్పేం లేదు. "ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అని దాంట్లో ఉంటే మాత్రం సంతకం పెట్టకండి. ముట్టిన సొమ్ముకి రసీదు రాసిస్తే చాలు.

"యాజమాన్యం బాధ్యత వహించదు" అన్న బోర్డు చూసి మనవాళ్ళు నీరుగారిపోతారు. హోటల్ వాళ్ళకి తాళమిచ్చిన కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు, సొంత నిర్లక్ష్యం ఉన్నప్పుడు ఆ మాట చెల్లదంది. నా మటుకు ఆ బోర్డు మనల్ని బెదిరించడానికే.

ఎక్కడికెళ్ళాలి? డబ్బు కట్టి కొన్న చోటైతే జిల్లా వినియోగదారుల కమిషన్. బిల్లు పారేయకండి, మీరు కస్టమరని చెప్పేది అదే. 2 ఏళ్ళలోపు వేయాలి. మీరు కట్టిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే ఫీజు లేదు. ఇక్కడ చూసేది బిల్లు మొత్తమే, మీరడిగే నష్టపరిహారం కాదు. లాయరు లేకుండా మీరే వేయొచ్చు. విజయనగరం మనిషి వైజాగ్ షాపులో పడినా విజయనగరంలోనే వేసుకోవచ్చు.

చుట్టపుచూపుగా వెళ్ళిన అపార్ట్‌మెంటైతే సివిల్ కోర్టు. కార్పొరేషన్ కట్టడమైతే ముందు నోటీసు, తర్వాతే దావా. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియారం గోపురం కూలి జనం పోయిన కేసులో 1966లోనే సుప్రీంకోర్టు తేల్చింది: రోడ్డు పక్క కట్టడం యజమాని "లోపం నాకు తెలీదు" అంటే కుదరదని.

మీరు ఫోను చూసుకుంటూ నడిచారా? దాచకండి. పరిహారం కొంత కోస్తారు గానీ కేసు పోదు.

లాయరుకి డబ్బుల్లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

నోటీసులో "మా బతుకు నాశనమైంది" అని రాయమంటారు, నేను ఆ లైను తీసేస్తాను. దాని బదులు పోయిన జీతం, మందుల బిల్లులు, ఫిజియోథెరపీకి తిరిగిన ఆటో ఖర్చు తేదీలతో పట్టుకురండి. ఆటోవాడు రసీదివ్వడు కదా, ఫోన్‌పేలో కట్టండి.