రిహార్సల్స్‌లో పాత్రను ఎలా తయారు చేసుకోవాలి? సరిహద్దు జిల్లాల నాటక విద్యార్థులకు

నాటకంలో వేషం దొరకగానే చాలామంది డైలాగులు బట్టీ పట్టడం మొదలుపెడతారు. ఆ తర్వాత అద్దం ముందు నిలబడి ముఖంలో భావాలు పలికిస్తారు. ఈ రెండూ తర్వాత చేయాల్సిన పనులు. ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి. ఆ మనిషి ఎవరితో ఏ భాషలో మాట్లాడతాడు, రోజంతా చేతులతో ఏం చేస్తాడు, ఎదుటివాళ్ల నుంచి అతనికి ఏం కావాలి? ఈ మూడూ తేలితే డైలాగు సులువుగా నోట్లో పడుతుంది, ముఖం గురించి విడిగా ఆలోచించాల్సిన పని ఉండదు.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు తెలుగు నాటకం వేసే విద్యార్థులను మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మన కష్టాలు కొన్ని విజయవాడలోనో హైదరాబాద్‌లోనో నేర్చుకునేవాళ్లకు ఉండవు. మనకున్న సౌకర్యాలు కొన్ని వాళ్లకూ ఉండవు.

ఉదాహరణకు ఒక చిన్న నాటిక ఊహించుకుందాం. బరంపురంలో పట్టుచీరలు నేసే తండ్రి, వయసు 55. కొడుకు చదువు మధ్యలో ఆపేసి సూరత్ మరమగ్గాల్లో పనికి పోతానంటాడు. ఇంకా తల్లి, చెల్లెలు, చీరలు కొనే షావుకారు ఉన్నారు. గంజాం జిల్లా నుంచి సూరత్ వెళ్లినవాళ్లు మనందరికీ తెలుసు, కాబట్టి కథ కొత్తది కాదు. మీకు 20 ఏళ్లు. తండ్రి వేషం మీకిచ్చారు.

మొదటి పని: మొత్తం స్క్రిప్టు చదవండి

చాలాచోట్ల ఎవరి పోర్షన్ వాళ్లకే విడిగా రాసిస్తారు. అది తీసుకున్నా, మొత్తం స్క్రిప్టు కూడా అడిగి తీసుకోండి. నటించకుండా, గొంతు పెంచకుండా మూడుసార్లు చదవండి. తర్వాత ఒక నోట్‌బుక్‌లో మూడు పేజీలు కేటాయించండి. ఒకదానిలో స్క్రిప్టులో స్పష్టంగా ఉన్న నిజాలు: వయసు, ఇల్లు, పని, ఏ నెల, ఏ పూట. రెండోదానిలో మీ పాత్ర గురించి మిగతావాళ్లు అనే మాటలు. మూడోదానిలో తన గురించి తను చెప్పుకునే మాటలు.

రెండో పేజీకీ మూడో పేజీకీ ఎక్కడ పొత్తు కుదరదో అక్కడ ఆగండి. మన నాటికలో తండ్రి మొదటి రంగంలో "నాకెవడి బాకీ లేదు" అంటాడు. మూడో రంగంలో షావుకారు వచ్చి అడ్వాన్సు సంగతి ఎత్తుతాడు. అంటే ఈ మనిషి ఇంట్లోవాళ్ల దగ్గర అప్పు దాచాడు. ఇప్పుడు మొదటి రంగం మళ్లీ చదివి చూడండి, ప్రతి మాటా వేరేగా వినబడుతుంది. కొడుకు మీద కోపంలో భయం కూడా కలిసి ఉందని అర్థమవుతుంది. అప్పుడు ఆ రంగాన్ని కేకలతో నడపాలని అనిపించదు.

స్క్రిప్టులో లేని ఖాళీలు మీరే పూరించుకోవాలి, కానీ అవసరమైనంతవరకే. పాత్ర పుట్టినప్పటి నుంచీ కథ పది పేజీలు రాసుకునేవాళ్లున్నారు. స్టేజీ మీద అందులో పావు వంతు కూడా పనికిరాదు. "ఈ గుమ్మంలోకి రాకముందు ఎక్కడున్నాను? ఎందుకొచ్చాను?" అన్న ప్రశ్నకు ప్రతి ఎంట్రీకీ జవాబుంటే చాలు. "ఆ పరిస్థితిలో నేనుంటే ఏం చేస్తాను?" అన్న ప్రశ్నతో నటులకు దారి చూపినవాడు రష్యన్ దర్శకుడు స్టానిస్లావ్‌స్కీ (1863–1938). అక్కడ ఏం అనుభవిస్తాను అని అడగలేదని గమనించండి. ఏం చేస్తాను అన్నదానికే స్టేజీ మీద జవాబు చూపించగలం.

రెండో పని: ఈ మనిషి తెలుగు ఏదో తేల్చుకోండి

మన ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. ఇంట్లో "నువ్వెల్లిపోతే ఈ మగ్గం ఎవులు సూస్తార్రా?" అనే కుర్రాడు స్టేజీ ఎక్కగానే "నీవు వెడలిపోయినచో" అన్నంత బిగుసుకుపోతాడు. వాడుక తెలుగు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. అక్కడి సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు తయారు చేశారు. ఆయన తిరిగిన వీధుల్లోనే మన పిల్లలు తమ నోటి భాషకు సిగ్గుపడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ముందు రచయితతో, దర్శకుడితో మాట్లాడండి. యాస పెట్టుకోవచ్చని వాళ్లు ఒప్పుకుంటే ఆ వయసున్న, ఆ పనిచేసే మనిషి మాట వినండి. అయితే ఒక్క జాగ్రత్త తప్పనిసరి. మన యాసను నవ్వించడానికి వాడకండి. సినిమాల్లో ఉత్తరాంధ్ర యాసను ఎక్కువగా హాస్య పాత్రలకే కట్టబెట్టారు, అందుకే ఆ యాస వినగానే జనం నవ్వడానికి సిద్ధమవుతారు. మొదటి రెండు డైలాగులు నిదానంగా, నిండుగా చెప్పండి. ఆ తర్వాత నవ్వరు.

ఒడియా సంగతి కూడా చూడాలి. మన తండ్రి పాత్ర ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. షావుకారు ఒడియావాడైతే అతని ముందు "ఆగ్యాఁ, ఆగ్యాఁ" (చిత్తం, చిత్తం) అంటాడు. భాష మారినప్పుడు గొంతు తగ్గుతుంది, వాక్యాలు చిన్నవవుతాయి, నిలబడే తీరు మారుతుంది. షావుకారు అటు వెళ్లగానే భార్యతో మాట్లాడే తెలుగులో గొంతు మామూలు కన్నా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ తగ్గింది ఇక్కడ పూడ్చుకోవాలి. ఇది రెండు భాషల మధ్య బతికేవాళ్లకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విషయం. దీన్ని వదులుకోకండి. గొడవ ముదిరినప్పుడు కొడుకు ఒడియాలోకి జారిపోతే, తండ్రి మాత్రం పట్టుబట్టి తెలుగులోనే జవాబిస్తే ఎలా ఉంటుందో రిహార్సల్‌లో ఒకసారి చేసి చూడండి. బరంపురంలో ప్రేక్షకులకు రెండూ అర్థమవుతాయి. ఆంధ్రలో పరిషత్తు పోటీలకు వెళ్తున్నప్పుడు మాత్రం ఒడియా మాటలు చిన్నవిగా, చేష్టను బట్టే అర్థమయ్యేలా ఉంచుకోండి.

ఒడియా మీడియంలో చదివిన మన పిల్లలు చాలామంది తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవలేరు. పోర్షన్ ఒడియా లిపిలో రాసుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ లిపిలో ఎ, ఏ రెండింటికీ ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. మెడ అన్నా మేడ అన్నా కాగితం మీద ఒకటే. పైగా అకారాన్ని ఒకారం వైపు పలికే అలవాటు వల్ల చూసి చదివితే 'కల' కాస్తా 'కొలొ' అవుతుంది. అందుకని దీర్ఘం పలకాల్సిన ప్రతిచోటా ఎర్ర పెన్నుతో గీత పెట్టుకోండి. తెలుగు బాగా చదివేవాళ్లతో స్క్రిప్టంతా ఫోన్‌లో రికార్డు చేయించుకుని వినండి. అయితే వాళ్లను భావం లేకుండా, మామూలుగా చదవమని చెప్పండి. లేకపోతే వాళ్ల నటన మీ నోట్లోకి వచ్చేస్తుంది.

మూడో పని: పనిచేసే చేతులను చూడండి

కుర్రాళ్లకు పెద్దవాళ్ల వేషం ఇస్తే నడుం వంచుతారు, దగ్గుతారు, చేతులు వణికిస్తారు. చేతులు వణికే మనిషి తెగిన పట్టు దారాన్ని అతకలేడు. 55 ఏళ్ల నేతగాడి చేతులు మీ చేతులకన్నా నిలకడగా ఉంటాయి.

వెళ్లి చూడండి. నేతపనివాళ్లను ముందే అడిగి, వాళ్లకు వీలైన పూట వెళ్లి ఒక పక్కన కూర్చోండి. అనుమతి లేకుండా వీడియో తీయొద్దు. ప్రశ్నలు తర్వాత అడగొచ్చు. గుంట మగ్గం దగ్గర మనిషి గోతిలోకి కాళ్లు వదిలి అంచు మీద కూర్చుంటాడు. పాదాలు కింద తొక్కుడు కర్రలు తొక్కుతుంటాయి, ఒక చెయ్యి దారాన్ని అటూ ఇటూ తీసుకెళ్లే నాడెను నడుపుతుంది, రెండో చెయ్యి అడ్డంగా పడిన ఆ దారాన్ని, అంటే పేకను, దగ్గరకు కొడుతుంది. దారం తెగితే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. మెడ ముందుకు వంగుతుంది, కళ్లు దగ్గరగా వెళ్తాయి, వేళ్లు కొస వెతుకుతాయి. అతికాక మళ్లీ అదే లయ.

అతను లేచేటప్పుడు ఇంకా జాగ్రత్తగా చూడండి. రెండు అరచేతులూ అంచు మీద ఆనించి కాళ్లు పైకి లాక్కుంటాడు. నిలబడగానే నడవడు. ఒక్క క్షణం ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని, అప్పుడు మొదటి అడుగు వేస్తాడు. వయసంతా ఆ ఆగడంలోనే ఉంది. మీకు వంగిన నడుం అక్కర్లేదు.

ఒక్క మనిషిని పూర్తిగా అనుకరించకండి. ఊళ్లో ఆయన్ను గుర్తుపట్టేవాళ్లుంటారు, మీకు సాయం చేసినాయన్ను ఇబ్బంది పెట్టినట్టవుతుంది. ముగ్గుర్ని చూసి ఒకరి నుంచి లేవడం, ఒకరి నుంచి కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకోవడం, ఇంకొకరి నుంచి మాట మధ్యలో ఆగడం తీసుకోండి.

స్టేజీ మీదికి మగ్గం తేలేం కదా. ఒళ్లో దారపు చిక్కు తీసుకునే పని పెట్టుకోండి. కొడుకుతో గొడవంతా ఆ పని చేస్తూనే నడవనివ్వండి. ఇప్పుడు అసలైన ప్రశ్న వస్తుంది. కొడుకు "టికెట్ తీసేశాను" అన్నప్పుడు మీ చెయ్యి ఆగుతుందా, ఇంకా వేగంగా కదులుతుందా? రెండూ చేసి చూడండి. ఏది సరిపోతుందో ఎదురుగా కూర్చున్న దర్శకుడు చెప్తాడు. నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన నాలుగు అభినయాల్లో ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం) మన చేతిలో ఉన్నవి. సాత్త్వికాన్ని, అంటే కన్నీరు, గద్గదం, చెమట లాంటివాటిని, తోసి తెప్పించలేం. దారం పట్టుకున్న చెయ్యి నిజంగా పనిచేస్తుంటే కన్ను తడిసినా తడవకపోయినా రంగం నిలబడుతుంది.

ఆహార్యం గురించి బరంపురం వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే ఠాకురాణి యాత్రలో మొక్కు వేషాలు చూస్తూ పెరిగినవాళ్లు వాళ్లు. ఒంటి మీద పులి రంగు పడి డప్పు మోగగానే నడక మారిపోవడం కళ్లారా చూశారు. మీ వేషానికీ అదే వర్తిస్తుంది. లుంగీ, తువ్వాలు, కళ్లద్దాలు ప్రదర్శన రోజుదాకా ఆగకుండా మొదటి వారం నుంచే వేసుకుని రిహార్సల్ చేయండి. యాత్రలో అమ్మవారు పుట్టింటికొచ్చినట్టు నేతకారుల పెద్ద 'దేశిబెహరా' ఇంటి దగ్గరికి వస్తుంది. కాబట్టి ఈ ఏడు యాత్ర ఉందా, కొడుకు అప్పటిదాకా ఆగుతాడా అన్నది మన తండ్రికి చిన్న విషయం కాదు. స్క్రిప్టు ఆ మాట ఎత్తకపోయినా మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

నాలుగో పని: రంగానికొక క్రియ

ప్రతి రంగం పక్కన పెన్సిల్‌తో ఒక క్రియ రాయండి. "బాధపడటం" రాయకండి, దాన్ని ఎదుటివాడి మీద ప్రయోగించలేం. ఆపాలి, వాయిదా వేయించాలి, సిగ్గుపడేలా చేయాలి, తల్లిని తనవైపు తిప్పుకోవాలి: ఇలాంటివి పనికొస్తాయి. "టికెట్ ఎంతయింది?" అన్న ఒక్క డైలాగును ఈ నాలుగు ఉద్దేశాలతో చెప్పి చూడండి. గొంతు మార్చాలని అనుకోకుండానే మారుతుంది. దర్శకుడి ఉద్దేశం వేరైతే వాదనకు దిగకండి, "ఒకసారి చేసి చూపిస్తాను సార్" అని చేసి చూపించండి. వద్దంటే వదిలేయండి. తోటి నటులకు ఎలా చేయాలో మాత్రం చెప్పకండి, అది మీ పని కాదు.

ఐదో పని: అప్పుడు బట్టీ పట్టండి

మూవ్‌మెంట్స్ ఖరారైనప్పుడు అవి స్క్రిప్టు అంచున రాసుకోండి. ఎక్కడ కూర్చుంటారో ఏ మాట మీద లేస్తారో తెలిశాక డైలాగు త్వరగా గుర్తుంటుంది. బట్టీ పట్టేటప్పుడు వేగంగా, భావం లేకుండా చదవండి. గిన్నెలు తోముతూనో, నడుస్తూనో అయితే ఇంకా మంచిది. భావంతో బట్టీ పడితే డైలాగుకొక రాగం అతుక్కుంటుంది, తర్వాత దాన్ని వదిలించడం చాలా కష్టం. మీ మాటతోపాటు ఎదుటివాళ్ల చివరి మూడు నాలుగు మాటలూ నేర్చుకోండి. స్టేజీ మీద వాటిని నిజంగా వినండి.

స్క్రిప్టులో లేని రంగం ఒకటి అప్పుడప్పుడూ ఆడుకోండి. తండ్రి షావుకారు దగ్గర అడ్వాన్సు తీసుకున్న రోజు అనుకోండి. పది నిమిషాలు, ప్రేక్షకులు లేకుండా, నోటికొచ్చిన మాటలతో. ఆ తర్వాత మూడో రంగంలో షావుకారు గొంతు బయట వినబడగానే మీ ఒళ్లే స్పందిస్తుంది.

చివరి వారంలో కొత్తవేవీ కలపకండి. ఆపకుండా మొత్తం నాటిక నడిపించండి. మన దగ్గర ఎక్కువ వేదికలు ఆరుబయటే కాబట్టి వేదికనూ మైకులనూ ముందే చూసుకోండి. పక్కకు తిరిగి చెప్పే డైలాగు ఏ మైకుకు అందుతుందో, ఏది అందదో పరీక్షించండి. నేల మీద కూర్చునే రంగం ఉంటే చివరి వరసలో ఒకరిని నిలబెట్టి మీ చేతులు కనబడుతున్నాయో లేదో అడగండి. కనబడకపోతే చిన్న పీట వేయించుకోండి.

రెండో ప్రదర్శన ఉంటే మొదటిదాని రాత్రే నోట్‌బుక్ తెరవండి. ఎక్కడ జనం నవ్వారో, ఎక్కడ కదిలారో రాసుకోండి గానీ ఆ నవ్వు కోసం మర్నాడు డైలాగు సాగదీయకండి. ఆ రంగం పక్కన రాసుకున్న క్రియ చూసుకుని, దానికోసమే మళ్లీ స్టేజీ ఎక్కండి.