తెలుగు టెక్స్ట్‌ని కత్తిరించే ముందు

మీ యాప్‌లో తెలుగు పేర్లు, శీర్షికలు చూపిస్తున్నారా? అయితే స్ట్రింగ్‌ని ఇరవై దగ్గర స్లైస్‌తో కోసేయకండి. జావాస్క్రిప్ట్‌లో ‘స్త్రీ’ లెంగ్త్ అడిగితే 6 అని వస్తుంది. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం... యూనికోడ్‌లో ఇవన్నీ వేర్వేరు కోడ్ పాయింట్లు, అంటే ఒక్కోదానికీ ఒక్కో సంఖ్య. మొదటి రెండే ఉంచితే తెర మీద ‘స్’ మిగులుతుంది. శీర్షిక చివర అలాంటి ముక్క కనిపిస్తే చదివేవాళ్లకి కంట్లో నలుసే.

దీనికి లైబ్రరీ వెతకక్కర్లేదు. టెక్స్ట్‌ని ముక్కలుగా విడగొట్టే ఇంటల్ డాట్ సెగ్మెంటర్ (Intl.Segmenter) బ్రౌజర్‌లోనే ఉంది. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ 125 కూడా దీన్ని చేర్చుకోవడంతో ప్రధాన బ్రౌజర్లన్నిటిలోనూ వాడుకోవచ్చు. గ్రాన్యులారిటీ (ముక్క సైజు) ‘గ్రాఫీమ్’, అంటే చదివేవాళ్లకి ఒక్క అక్షరంగా కనిపించేది, అని ఇచ్చి, వచ్చిన ముక్కల్ని అరేలో పెట్టుకుని, మొదటి ఇరవై కలిపేయండి. ఒత్తులు, గుణింతాలు చెక్కుచెదరవు. కాకపోతే తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్ ప్రమాణంలోకి వచ్చింది 2023లో, 15.1 వెర్షన్‌తో. అందుకని పాత ఫోన్లలో ‘స్త్రీ’తోనే ఒకసారి పరీక్షించి చూడండి.

డేటాబేస్ వైపు కూడా ఓ కన్నేయాలి. యూనికోడ్‌ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి 3 బైట్లు, అంటే ‘స్త్రీ’కి 18. ఒరాకిల్ డేటాబేస్‌లో టెక్స్ట్ దాచే వర్‌చార్2 (VARCHAR2) కాలమ్ సైజు మామూలుగా బైట్లలోనే లెక్క. కాలమ్ డిక్లేర్ చేసేటప్పుడే సైజు పక్కన ‘చార్’ అని రాయండి. పేరుకి ఇరవై బైట్లిస్తే ‘వెంకటేశ్వర్లు’ కూడా పట్టదు.

ఎస్ఎంఎస్ పంపేవాళ్లకి ఇంకోటి: తెలుగు కలిస్తే ఒక మెసేజ్‌లో 160 కాదు, 70 యూనిట్లే. అక్కడా ‘స్త్రీ’ ఆరు తింటుంది. ఓటీపీ మెసేజ్ టెంప్లేట్ రాసేటప్పుడే లెక్క చూసుకోండి.