దూరదర్శన్ హెచ్‌డీలో రావడం లేదా? హైదరాబాద్ ఇళ్లకు సమస్య – పరిష్కారం

హైదరాబాద్‌లో దూరదర్శన్ ఛానెళ్లు ఇంటికి చేరే దారులు నాలుగు: కేబుల్, ప్రైవేటు డీటీహెచ్, ప్రసార భారతి నెలవారీ రుసుము లేకుండా నడిపే డీడీ ఫ్రీ డిష్, ఇంటర్నెట్. బొమ్మ స్పష్టంగా లేదనగానే చాలామంది డాబా ఎక్కి డిష్‌ను కదిలిస్తారు. కానీ హెచ్‌డీ విషయంలో లోపం తరచుగా టీవీ వెనుక మూరెడు దూరంలోనే ఉంటుంది. పైగా సరిగ్గా ఉన్న డిష్‌ను కదిపితే అంతవరకూ వస్తున్న ఛానెళ్లు కూడా పోతాయి. అందుకే ఇక్కడ పరిశీలన టీవీ దగ్గర మొదలై చివరికి డాబా మీదికి వెళుతుంది. ఆ క్రమాన్ని మార్చకపోవడం మంచిది.

సమస్య: ఛానెల్ వస్తోంది గానీ బొమ్మ మసకగా, అక్షరాల అంచులు అలుక్కుపోయినట్టు ఉంది

మొదటి కారణం మామూలుగా ఛానెల్ నంబరే. కేబుల్‌లోనూ డీటీహెచ్‌లోనూ డీడీ నేషనల్, డీడీ న్యూస్ వంటి ఛానెళ్ల ఎస్‌డీ (మామూలు స్పష్టత) రూపానికీ హెచ్‌డీ (ఎక్కువ స్పష్టత) రూపానికీ వేర్వేరు నంబర్లు ఉంటాయి. ఏళ్ల తరబడి అలవాటైన పాత నంబరునే నొక్కుతూ ఉంటే, కొత్త బాక్సూ కొత్త టీవీ ఉన్నా ఎస్‌డీ బొమ్మే కనిపిస్తుంది. ఛానెల్ జాబితాలో పేరు చివర హెచ్‌డీ అని ఉన్న నంబరును వెతికి, దాన్ని ఇష్టమైన ఛానెళ్లలో చేర్చుకుంటే ఇంట్లోని పెద్దవారికీ ఇబ్బంది ఉండదు.

రెండో కారణం తీగ. ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులున్న ఏవీ తీగలో బొమ్మను మోసేది పసుపు పిన్ను. అది ఎస్‌డీ బొమ్మను తప్ప మరొకటి మోయలేదు. బాక్సు మీద హెచ్‌డీ అని రాసి ఉన్నా, ఈ తీగతో కలిపినంత కాలం టీవీకి చేరేది 576 గీతల బొమ్మ మాత్రమే. బాక్సు నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ తీగ వేసి, టీవీ రిమోట్‌లో ఇన్‌పుట్‌ను ఆ హెచ్‌డీఎంఐ నంబరుకు మార్చాలి. ఇందుకు ఖరీదైన తీగ అవసరం లేదు; బంగారు పూత పేరు చెప్పి అమ్మే తీగ వల్ల 1080 గీతల ప్రసారానికి అదనంగా ఒరిగేదేమీ ఉండదు.

మూడోది బాక్సు అమరిక. హెచ్‌డీఎంఐ తీగ వేసిన తరువాత కూడా బాక్సు మెనూలో వీడియో అవుట్‌పుట్ 576 దగ్గరే నిలిచిపోయి ఉండవచ్చు. దాన్ని 1080ఐకి మార్చాలి. 1366 × 768 తెర ఉన్న పాత హెచ్‌డీ రెడీ టీవీలు కూడా 1080ఐ సంకేతాన్ని మామూలుగా స్వీకరిస్తాయి. మార్చగానే తెర నల్లబడితే కంగారుపడనక్కరలేదు: కొన్ని రిమోట్లలో రిజల్యూషన్ మార్చే బటన్ విడిగా ఉంటుంది, అది లేకపోతే పాత ఏవీ తీగను తాత్కాలికంగా తగిలించి, మెనూ తెరిచి, 720పీ ఎంచుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. టీవీ రిమోట్‌లోని ఇన్ఫో బటన్ నొక్కినప్పుడు 1080 అని కనిపించినంత మాత్రాన ఛానెల్ హెచ్‌డీలో వస్తోందని అనుకోకూడదు, ఎందుకంటే బాక్సు ఎస్‌డీ బొమ్మను కూడా సాగదీసి 1080గా మార్చి టీవీకి పంపుతుంది. టీవీ చెప్పేది బాక్సు పంపిన కొలతనే గాని ఆకాశం నుంచి వచ్చిన కొలతను కాదు. దీన్ని తేల్చడానికి నమ్మదగిన పరీక్ష పోలిక. డీడీ న్యూస్ ఎస్‌డీనీ డీడీ న్యూస్ హెచ్‌డీనీ ఒకదాని తరువాత ఒకటి పెట్టి, తెర అడుగున పరిగెత్తే వార్తల అక్షరాల అంచులను, యాంకర్ జుట్టును గమనించాలి. రెండింటికీ ఏ తేడా కనిపించకపోతే లోపం మీ తీగలోనో బాక్సు అమరికలోనో ఉంది. తేడా స్పష్టంగా కనిపించి, డీడీ యాదగిరి ఒక్కటే మసకగా ఉంటే మాత్రం మీ ఇంట్లో సరిచేయవలసింది ఏమీ లేదు: ఆ ఛానెల్ మీ ఆపరేటర్ జాబితాలో ఎస్‌డీ రూపంలోనే ఉందని అర్థం.

హెచ్‌డీ ఛానెల్‌లో కూడా అన్ని కార్యక్రమాలూ ఒకే తీరున ఉండవు. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 నుంచి పనిచేస్తోంది. దూరదర్శన్ దేశంలో హెచ్‌డీ ప్రసారాన్ని ఆరంభించినది 2010 ఢిల్లీ కామన్‌వెల్త్ క్రీడలప్పుడు. ఈ రెండు సంవత్సరాల మధ్య కాలంలో వీడియో టేపు మీద చిత్రీకరించిన నాటకాలను, సంగీత కచేరీలను ఈనాడు హెచ్‌డీ ఛానెల్‌లో వేసినా అవి మసకగానే ఉంటాయి. అటువంటి కార్యక్రమాల్లో మనుషులు పొట్టిగా, ముఖాలు వెడల్పుగా కనిపిస్తే అది టీవీ 4:3 బొమ్మను సాగదీయడం వల్ల. పిక్చర్ సైజు మెనూలో ఆటో లేదా 4:3 ఎంచుకుంటే పక్కన నల్లపట్టీలు వస్తాయి గాని ఆకారాలు సరిగ్గా ఉంటాయి.

సమస్య: ఫ్రీ డిష్ ఉంది, కానీ జాబితాలో హెచ్‌డీ ఛానెళ్లే లేవు

కారణం దాదాపు ఎప్పుడూ బాక్సు. ఫ్రీ డిష్ 2004లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో ఆరంభమైనప్పటి నుంచి ఎంపెగ్-2 (బొమ్మను కుదించి పంపే పాత పద్ధతి) బాక్సులే విస్తారంగా అమ్ముడయ్యాయి, ఇప్పటికీ తక్కువ ధరకు అవే దొరుకుతున్నాయి. దూరదర్శన్ హెచ్‌డీ ఛానెళ్లు ఎంపెగ్-4 పద్ధతిలో వస్తాయి కాబట్టి పాత బాక్సు వాటిని కనీసం జాబితాలో కూడా చూపదు. ఎన్నిసార్లు స్కాన్ చేసినా ఫలితం ఉండదు. ఎంపెగ్-4, డీవీబీ-ఎస్2 (ఉపగ్రహం నుంచి సంకేతం పంపే కొత్త పద్ధతి) అని రెండూ రాసి ఉన్న హెచ్‌డీ బాక్సును కొనడమే పరిష్కారం. కోఠి, అబిడ్స్ వంటి చోట్ల కొనేటప్పుడు దుకాణదారుడు డబ్బా మీద హెచ్‌డీ అన్న మాటను చూపి సరిపెట్టవచ్చు. హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నంత మాత్రాన అది ఎంపెగ్-4 బాక్సు కానవసరం లేదు గనుక డబ్బా మీది వివరాలను చదివి కొనాలి. వీలైతే దుకాణంలోనే డీడీ నేషనల్ హెచ్‌డీని పెట్టించి చూడాలి.

కొత్తగా టీవీ కొనేవారు బాక్సు లేకుండానే పని కానివ్వవచ్చు. లోపలే ఉపగ్రహ ట్యూనర్ ఉండే టీవీలకు భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 18112:2022 అన్న ప్రమాణాన్ని ప్రకటించింది. మీ టీవీ వెనుక శాటిలైట్ అని గుర్తు ఉన్న మరతిప్పుడు సాకెట్ ఉంటే, డిష్ నుంచి వచ్చే తీగను నేరుగా దానికి బిగించి, మెనూలో ఉపగ్రహాన్ని ఎంచుకుని స్కాన్ చేయవచ్చు.

బాక్సు సరైనదే అయినా ఛానెళ్లు కనిపించకపోతే జాబితా పాతబడి ఉంటుంది. ఫ్రీ డిష్‌లో ఛానెళ్ల స్థానాలు మారుతూ ఉంటాయి కనుక పాత జాబితాను పూర్తిగా తొలగించి, మళ్లీ ఆటో స్కాన్ చేయాలి. డిష్ ముందు చేతికి బిగించి ఉండి సంకేతాన్ని అందుకునే పరికరం ఎల్‌ఎన్‌బీ; బాక్సు మెనూలో ఎల్‌ఎన్‌బీ రకం దగ్గర యూనివర్సల్, 9750/10600 అని ఉండాలి. వేరొకటి ఉంటే స్కాన్ పూర్తయినట్టే కనిపించి ఖాళీ జాబితా మిగులుతుంది.

సమస్య: కేబుల్ ఆపరేటర్ జాబితాలో హెచ్‌డీ లేదు

హైదరాబాద్‌లో కేబుల్ డిజిటల్‌గా మారినది దేశవ్యాప్త ప్రణాళిక రెండో దశలో, 2013లో. ఆనాడు ఇచ్చిన బాక్సులు చాలా మటుకు ఎస్‌డీవి. అవి ఇంకా పనిచేస్తున్న ఇళ్లలో హెచ్‌డీ ఛానెల్ నంబరు నొక్కితే ఛానెల్ అందుబాటులో లేదన్న సందేశం వస్తుంది. ఆపరేటర్‌ను అడిగి హెచ్‌డీ బాక్సుకు మారడం తప్ప దారి లేదు. బాక్సు హెచ్‌డీదే అయినా ఛానెల్ లేకపోతే అది ప్యాకేజీ విషయం. దూరదర్శన్ ఛానెళ్లు ఉచిత ఛానెళ్లు కాబట్టి నెట్‌వర్క్ రుసుము మీద వాటికి విడిగా ఛానెల్ ధర ఉండదు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం 1995లోని 8వ సెక్షన్, ప్రభుత్వం ప్రకటించిన దూరదర్శన్ ఛానెళ్లను ప్రతి ఆపరేటరూ తప్పనిసరిగా ఇవ్వాలంటుంది. ఆపరేటర్‌తో మాట్లాడేటప్పుడు దూరదర్శన్ రావడం లేదని స్థూలంగా చెప్పకుండా, ఏ ఛానెల్, ఏ రూపం, ఏ నంబరు అన్నది చెప్పి, ఫిర్యాదు సంఖ్య తీసుకోవడం ఉపయోగకరం.

సమస్య: ఎస్‌డీ ఛానెళ్లు బాగున్నాయి, హెచ్‌డీ మాత్రం గళ్లుగళ్లుగా విరిగిపోతోంది లేదా సిగ్నల్ లేదంటోంది

ఇది ఫ్రీ డిష్ ఇళ్లలో కనిపించే లక్షణం, డాబా ఎక్కవలసిన సందర్భం ఇదే. డీవీబీ-ఎస్2 పద్ధతిలో ఎక్కువ సమాచారాన్ని ఇరికించి పంపుతారు కనుక సాధారణంగా దానికి పాత పద్ధతి కంటే శుభ్రమైన సిగ్నల్ కావాలి. డిష్ కొద్దిగా పక్కకు జరిగినా ఎస్‌డీ నెట్టుకొస్తుంది, హెచ్‌డీ ముందుగా చేతులెత్తేస్తుంది.

బాక్సు మెనూలో రెండు కొలతలు కనిపిస్తాయి: స్ట్రెంగ్త్, క్వాలిటీ. స్ట్రెంగ్త్ అన్నది ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతోందని, తీగ తెగలేదని మాత్రమే చెబుతుంది. డిష్ గోడకేసి చూస్తున్నా అది ఎక్కువగానే కనిపించవచ్చు. చూడవలసింది క్వాలిటీ. స్ట్రెంగ్త్ కూడా సున్నా అయితే డిష్‌ను ముట్టుకోకుండా ముందుగా తీగ రెండు కొసలనూ పరిశీలించాలి. రాగి తీగ నల్లబడినా, చుట్టూ ఉండే వెంట్రుకల్లాంటి జాలి తీగ ఒక్కటి మధ్య తీగకు తగిలినా సిగ్నల్ పోతుంది. ఎండకు పగిలిన తీగలోకి వాననీరు దిగితే జూన్ తరువాత లోపం బయటపడుతుంది. ఆర్‌జీ-6 రకం డిష్ తీగ వేసి, కనెక్టర్లు మార్చి, డాబా మీది కొసకు రబ్బరు టేపు చుట్టాలి. ఒకే తీగను స్ప్లిట్టర్‌తో రెండు గదులకు పంచి ఉంటే సిగ్నల్ సగానికి తగ్గుతుంది. రెండు మార్గాలున్న ఎల్‌ఎన్‌బీ పెట్టి రెండు తీగలు వేయించడం మేలు. సంక్రాంతి వెళ్లాక ఎల్‌ఎన్‌బీ చేతికి చుట్టుకున్న గాలిపటాలనూ మాంజానూ తీసివేయడం మరువకూడదు, లాగితే చేయి వంగుతుంది కనుక కత్తెరతో కోయాలి.

తరువాత దిశ. ఫ్రీ డిష్ ప్రసారాలు 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీదున్న జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తాయి. హైదరాబాద్ నుంచి అది ఉత్తరం నుంచి సవ్యదిశలో లెక్కిస్తే సుమారు 138 డిగ్రీల వద్ద, అంటే ఆగ్నేయానికి మూడు డిగ్రీలు దక్షిణంగా, క్షితిజం నుంచి సుమారు 63 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. వాస్తులో వంటింటికి చెప్పే మూల అన్నమాట. ఫోన్‌లోని దిక్సూచిని ఇనుప గ్రిల్లుకు, మోటారుకు దూరంగా పెట్టి చూడాలి. డిష్ పళ్లెం 63 డిగ్రీలంత వెల్లకిలా కనిపించదు, ఎందుకంటే ఇళ్ల మీద వాడే ఆఫ్‌సెట్ పళ్లెం చూపు దాని ముఖం కంటే పైకి ఉంటుంది. బ్రాకెట్ మీద డిగ్రీల గుర్తులుంటే వాటినే నమ్మాలి.

పొరుగున లేచిన కొత్త అపార్ట్‌మెంట్ అడ్డువచ్చిందన్న ఫిర్యాదు నగరంలో తరచుగా వినిపిస్తుంది, కానీ ఉపగ్రహం ఇంత ఎత్తున ఉన్నప్పుడు అది నిజం కావడం అరుదు. 63 డిగ్రీల లెక్కన, డిష్‌కు ఆగ్నేయంగా 5 మీటర్ల దూరంలోని గోడ డిష్ కంటే దాదాపు 10 మీటర్లు ఎత్తుంటేనే అడ్డు. 10 మీటర్ల దూరంలో ఉంటే 20 మీటర్లు కావాలి. అసలు అడ్డు ఎక్కువగా మన సొంతదే: బాల్కనీ పైకప్పు, నెత్తిమీది నీళ్ల ట్యాంకు, ఏపుగా పెరిగిన కొబ్బరి మట్ట. బాల్కనీలో పెట్టిన డిష్‌కు పై అంతస్తు స్లాబు ఎంత ముందుకు వచ్చిందో చూసి, అవసరమైతే డిష్‌ను రెయిలింగ్ బయటికి జరిపించాలి. ఆ పని అలవాటున్న మనిషికే అప్పగించాలి.

దిశను సరిచేసేటప్పుడు ఒకరు డాబా మీద, మరొకరు టీవీ ముందు ఫోన్‌లో ఉండాలి. బోల్టులను కొద్దిగా వదులు చేసి, వేలెడు జరిపి, క్వాలిటీ అంకె కదలడానికి కొన్ని క్షణాలు ఆగాలి. 91.5, 95 డిగ్రీల వద్ద కూడా డీటీహెచ్ ఉపగ్రహాలు ఉన్నాయి కనుక డిష్ పక్కదాని మీద ఆగే ప్రమాదం ఉంది. క్వాలిటీ ఉండి దూరదర్శన్ ఛానెళ్లు లేకపోతే అదే జరిగిందని అనుకోవాలి. దిశ కుదిరాక ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలో అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పితే క్వాలిటీ మరికొంత పెరగవచ్చు, హెచ్‌డీ నిలబడేది చాలాసార్లు ఆ చివరి సవరణతోనే.

సమస్య: కొన్ని వేళల్లోనే పోతోంది

భారీ వాన కురిసే సమయంలో పోయి, తగ్గగానే తిరిగి వస్తే అది ఈ ప్రసారాలు వాడే కేయూ బ్యాండ్ తరంగాల స్వభావం. చిన్న జల్లుకే పోతుంటే మాత్రం దిశ సరిగా కుదరలేదని గ్రహించాలి. మార్చి ప్రథమార్ధంలోనూ, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మొదటి రోజుల వరకూ ఉదయం పదకొండు గంటల అటూఇటూ కొన్ని నిమిషాలు బొమ్మ పోవచ్చు. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వచ్చే రోజులవి. ఏమీ చేయనక్కరలేదు.

సమస్య: దూరదర్శన్‌లో క్రికెట్ మ్యాచ్ అన్నారు, మా కేబుల్‌లో వేరే కార్యక్రమం వస్తోంది

బాక్సులో గానీ తీగలో గానీ లోపం లేదు. 2007 నాటి చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల క్రీడల ప్రత్యక్ష ప్రసారాన్ని ప్రైవేటు ఛానెళ్లు ప్రసార భారతితో పంచుకోవాలి. అలా పంచుకున్న ప్రసారం దూరదర్శన్ సొంత భూతల ప్రసారాలకు, సొంత డీటీహెచ్ అయిన ఫ్రీ డిష్‌కు మాత్రమే వర్తిస్తుందని, ప్రైవేటు కేబుల్, డీటీహెచ్‌ల ద్వారా ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తీర్పు చెప్పింది. అందుకే ఒకే వీధిలో ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో మ్యాచ్ వస్తుంది, కేబుల్ ఉన్న ఇంట్లో రాదు. మ్యాచ్‌ల కోసమే చూసేవారు కేబుల్‌ను ఉంచుకుంటూనే ఒక ఫ్రీ డిష్ అమర్చుకోవడం తెలివైన పని.

సమస్య: పాత యాంటెన్నాకు ఏమీ అందడం లేదు

దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లలో అత్యధికం 2022 నాటికే మూతబడ్డాయి. దూరదర్శన్ 2016లో డిజిటల్ భూతల ప్రసారాన్ని ప్రకటించిన 16 నగరాల్లో హైదరాబాద్ లేదు. ఆ యాంటెన్నా గొట్టం గట్టిగా ఉంటే దానికే డిష్ బిగించుకోవచ్చు.

డిష్‌కు చోటు లేని అద్దె ఇళ్లవారికి, హాస్టళ్లలో ఉండేవారికి మిగిలింది ఇంటర్నెట్. ప్రసార భారతి 2024 నవంబరులో విడుదల చేసిన వేవ్స్ యాప్‌లో దూరదర్శన్ ఛానెళ్లు ప్రత్యక్షంగా వస్తాయి. అక్కడ బొమ్మ మసకబారితే ముందుగా వీడియో నాణ్యత ఆటోలో ఉందో లేదో చూసి, ఆ తరువాత వైఫై రూటర్‌ను టీవీ ఉన్న గదికి దగ్గరగా జరపాలి. వీలుంటే టీవీకి లాన్ తీగ వేయడం మరీ మంచిది.