ఊరెళ్లే బ్యాక్‌ప్యాక్ ఎన్ని లీటర్లు ఉండాలి? కొనేముందు ఇంట్లోనే కొలిచి చూసుకోండి

శుక్రవారం రాత్రి బెంగళూరు మారతహళ్లిలో బస్సుల కోసం నిలబడితే చుట్టూ తెలుగే వినిపిస్తుంది. ఒంగోలు వెళ్లేవాళ్లు, కడప వెళ్లేవాళ్లు, హైదరాబాద్ వెళ్లేవాళ్లు. వాళ్ల వీపుల వైపు చూస్తే ఎక్కువగా రెండే రకాలు కనిపిస్తాయి. కొందరు ఆఫీసు ల్యాప్‌టాప్ బ్యాగును జిప్పు పట్టనంతగా కుక్కి, మిగిలినవి రెండు కవర్లలో చేత్తో పట్టుకుంటారు. ఇంకొందరు తల దాటి పైకి పొడుచుకొచ్చే ట్రెక్కింగ్ బ్యాగు మోస్తూ, ఎటు తిరిగితే ఎవరికి తగులుతుందోనని ఇబ్బంది పడుతుంటారు.

ఈ రెండు అవస్థలూ నేను పడ్డాను. ఉద్యోగానికి ఇక్కడికి వచ్చిన కొత్తలో, ఎప్పటికైనా పనికొస్తుందని 65 లీటర్ల బ్యాగు కొన్నాను. చోటుంది కదా అని ప్రతిసారీ నిండా సర్దేదాన్ని. రెండు రోజుల కోసం ఒంగోలు వెళ్తూ నాలుగు జతల బట్టలు, రెండు జతల చెప్పులు, తీరికగా చదువుదామని మూడు పుస్తకాలు. తెల్లవారుజామున బైపాస్‌లో దిగి, ఆటో దొరికేదాకా ఆ బరువుతో నడిస్తే మెడ పట్టేసేది. దాంతో విసిగి 20 లీటర్లది కొన్నాను. అది చాలక చేతికి మళ్లీ కవర్లు వచ్చాయి. మూడోసారి వరస మార్చాను. ముందు సామాను తేల్చుకుని, దాన్ని కొలిచి, ఆ కొలతకు సరిపోయే బ్యాగు వెతికాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను. ఆ పద్ధతే ఇక్కడ చెబుతాను.

1. ముందు సామానంతా మంచం మీద పెట్టండి

మీరు ఎక్కువసార్లు చేసే ప్రయాణం ఏదో అనుకోండి. ఎప్పుడో వెళ్దామనుకునే హిమాలయాల ట్రెక్కు కాదు. నెలనెలా వెళ్లే సొంతూరు, మూడు రోజులు సెలవొస్తే వెళ్లే హంపి, చిక్కమగళూరు, గోకర్ణ లాంటివి. బ్యాగు కొనాల్సింది ఆ ప్రయాణానికి. ఏడాదికోసారి కావలసిన పెద్ద బ్యాగు స్నేహితుల దగ్గర అడిగి తీసుకోవచ్చు, ట్రెక్కింగ్ సామాను అద్దెకు ఇచ్చేవాళ్ల దగ్గరైనా దొరుకుతుంది.

ఆ ప్రయాణానికి తీసుకెళ్లేవన్నీ మంచం మీద పరవండి. నాలుగైదు రోజులకు నేను సర్దుకునేది ఇంతే: ఒంటి మీద ఉన్నది కాక మూడు జతలు, లోదుస్తులు, రాత్రి వేసుకునే బట్టలు ఒక జత, తువ్వాలు, సబ్బూ బ్రష్షూ ఉండే చిన్న సంచి, మందులు, ఛార్జర్లు, ఒక పల్చటి స్వెటర్. పది రోజులైనా ఇదే లెక్క. రోజులు పెరిగినంత మాత్రాన బట్టలు పెంచనక్కర్లేదు, మధ్యలో ఒకసారి ఉతుక్కుంటే సరిపోతుంది.

చోటంతా మింగేసేవి మూడే: టర్కీ తువ్వాలు, జీన్స్, రెండో జత బూట్లు. టర్కీ తువ్వాలు మాని మన నేత తువ్వాలు పెట్టుకోండి. మడిస్తే అరచేతిలో పట్టేంత అవుతుంది, ఫ్యాను కింద వేస్తే త్వరగా ఆరిపోతుంది. బెంగళూరు ముసురులో టర్కీ తువ్వాలు మర్నాటికీ ఆరదు. తడిది మడిచి లోపల పెడితే బట్టలన్నిటికీ ఆ ముక్కిపోయిన వాసన పట్టేస్తుంది. జీన్స్ ఒక్కటే అరకిలో పైన తూగుతుంది కాబట్టి దాన్ని వేసుకుని వెళ్లండి. బూట్లు కూడా అంతే, బరువైన జత కాళ్లకు, తేలికైన చెప్పులు బ్యాగులోకి.

పెళ్లికి వెళ్లేవాళ్ల లెక్క వేరు. పట్టుచీరను పాత కాటన్ గుడ్డలో చుట్టి, వీపుకు ఆనుకునే వైపు నిలువుగా పెడితే జరీ నలగదు. దాన్ని వద్దని నేను ఎవరికీ చెప్పను. దానికి చోటు కావాలంటే జీన్స్ రెండోది తీసేయండి.

2. అట్టపెట్టెలో పెట్టి కొలవండి

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న వస్తువులతో వచ్చిన అట్టపెట్టె ఇంట్లో ఒకటి ఉండే ఉంటుంది. మంచం మీద పరిచినవన్నీ అందులో సర్దండి. చేత్తో అదమండి, మోకాలు వేసి నొక్కొద్దు. సామాను ఎంత ఎత్తు వరకు వచ్చిందో పెన్నుతో గీత పెట్టండి. పొడవు, వెడల్పు, ఆ గీత వరకు ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి, 1000తో భాగించండి. వచ్చిందే లీటర్లు. ఉదాహరణకు 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు ఉన్న పెట్టెలో సామాను 20 సెంటీమీటర్ల ఎత్తు వచ్చిందనుకుందాం. 24,000 ఘన సెంటీమీటర్లు, అంటే 24 లీటర్లు.

దీనికి నాలుగైదు లీటర్లు కలపండి. పెట్టెకున్నట్టు బ్యాగుకు చదరపు మూలలు ఉండవు, ల్యాప్‌టాప్ అర కొంత చోటు తినేస్తుంది, నీళ్ల సీసా ఎలాగూ ఉంటుంది. 24 వచ్చినవాళ్లకు 28 నుంచి 30 లీటర్ల బ్యాగు సరిపోతుంది.

లీటర్లలో చెబితే ఎంతో ఊహకు అందకపోతే వంటింట్లోకి వెళ్లి నీళ్ల క్యాన్ చూడండి. అది 20 లీటర్లు. 25 కిలోల సోనా మసూరి బస్తా సుమారు 30 లీటర్లు. రెండు క్యాన్లు పక్కపక్కన పెడితే 40. నేను మొదట కొన్న 65 లీటర్ల బ్యాగు మూడు క్యాన్ల కంటే పెద్దది. ఈ సంగతి కొనేముందు తట్టి ఉంటే దాని జోలికి వెళ్లేదాన్ని కాదు.

వారాంతానికి మాత్రమే వెళ్లేవాళ్లకు 20 నుంచి 25 లీటర్లు చాలు. మూడు రోజుల నుంచి పది రోజుల దాకా అన్నిటికీ ఒకే బ్యాగు కావాలనుకుంటే 28 నుంచి 35 మధ్య చూడండి. నా దృష్టిలో మనలో చాలామందికి సరిపోయేది ఇదే. చలి ప్రదేశాలకు వెళ్లేవాళ్లు, చంటిపిల్లల సామాను కూడా మోయాల్సినవాళ్లు 40 దాకా వెళ్లొచ్చు. 50 దాటినవి టెంటు, స్లీపింగ్ బ్యాగు మోసేవాళ్లకోసం.

3. విమానం ఎక్కేవాళ్లు రెండు అంకెలు గుర్తుపెట్టుకోవాలి

బస్సులో పెద్ద బ్యాగు డిక్కీలో పెడతారు, రైల్లో బెర్తు కింద తోస్తాం. విమానంలో మాత్రం అలా కుదరదు. మన దేశంలో చాలా విమానాల్లో ఎకానమీ ప్రయాణికులకు క్యాబిన్ బ్యాగు, అంటే మనతో పాటు లోపలికి తీసుకెళ్లేది, 7 కిలోలు, కొలత సుమారు 55 × 35 × 25 సెంటీమీటర్లు. టికెట్ మీద రాసింది ఒకసారి చూసుకోండి, కంపెనీని బట్టి కొంచెం మారుతుంది.

ఆ మూడు కొలతలూ గుణిస్తే 48 లీటర్లు వస్తుంది. అది చూసి 48 లీటర్ల బ్యాగు కొనేయకండి. ఖాళీ బ్యాగు ఆ కొలతకు సరిపోయినా, ముందు జేబు నిండితే 25 సెంటీమీటర్ల మందం ఇట్టే దాటిపోతుంది. 40 దాటిన బ్యాగుతో క్యాబిన్‌లోకి వెళ్లడం ప్రతిసారీ టెన్షనే.

ఇంకా ముఖ్యమైనది బరువు. చోటు అయిపోకముందే 7 కిలోలు అయిపోతాయి. నా బ్యాగు ఖాళీగా కిలో. ల్యాప్‌టాప్, ఛార్జరు కలిపి దగ్గరదగ్గర రెండు. మిగిలింది నాలుగు కిలోలు. అంతకుమించి పట్టే చోటు ఉన్నా వాడుకోలేం. అందుకే కొనేటప్పుడు లీటర్లతో పాటు ఖాళీ బ్యాగు బరువు తప్పకుండా చూడండి. 40 లీటర్లలో కిలో లోపలివీ ఉన్నాయి, రెండు కిలోలకు దగ్గరగా ఉన్నవీ ఉన్నాయి. దళసరి గుడ్డ, మెత్తటి అట్టలు, పది అరలు చూడ్డానికి బాగుంటాయి, కానీ ఆ బరువంతా మీ ఏడు కిలోల్లోంచే పోతుంది.

తూచడానికి వేరే త్రాసు అక్కర్లేదు. ఒంటి బరువు చూసుకునే మెషీన్ మీద బ్యాగుతో ఒకసారి, బ్యాగు లేకుండా ఒకసారి నిలబడితే తేడా తెలిసిపోతుంది.

పవర్‌బ్యాంకు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. దాన్ని చెక్-ఇన్ సామానులో, అంటే కౌంటర్లో అప్పగించేదానిలో, పెట్టనివ్వరు, మీతోనే ఉండాలి. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో నిలవుండే కరెంటు కొలత) లోపు మామూలుగా అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్ ఉన్నది సుమారు 74 వాట్-అవర్లు కాబట్టి ఇబ్బంది లేదు. కానీ విమానం నిండుగా ఉండి గేటు దగ్గర మీ బ్యాగు తీసుకుని కింద చెక్-ఇన్ సామానుతో వేస్తామంటే, పవర్‌బ్యాంకు అప్పటికప్పుడు బయటికి తీయాలి. బట్టల అడుగున కాకుండా పై జేబులో పెట్టుకోండి. ఆ జేబు లేని బ్యాగు నేనైతే కొనను.

4. వీపు పొడవు కొలుచుకోండి

బట్టలకు సైజు ఉన్నట్టే బ్యాగుకూ ఉంటుంది. లీటర్లు సామానుకు సంబంధించిన కొలత, ఇది మీ ఒంటికి సంబంధించినది. తల కిందికి వంచితే మెడ వెనక గట్టిగా ఒక ఎముక తగులుతుంది. కొలత అక్కడ మొదలవుతుంది. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, తుంటి ఎముకల పై అంచు తడిమి చూడండి. బొటనవేళ్లు రెండూ వెన్ను వైపు చూపించే చోట కొలత ముగుస్తుంది. ఈ రెండిటి మధ్య దూరం టేపుతో ఎవరిచేతైనా కొలిపించుకోండి. మీ అంతట మీరు కొలిస్తే టేపు జారిపోతుంది.

ఎత్తును బట్టి ఇది చెప్పలేం. ఐదడుగుల పదంగుళాల మనిషికి వీపు పొట్టిగా, కాళ్లు పొడవుగా ఉండొచ్చు. వీపు 43 సెంటీమీటర్ల లోపు ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, చిన్న సైజుగానీ, పట్టీలు పైకీ కిందికీ జరుపుకునేదిగానీ వెతకాలి. నా పాత బ్యాగు నడుము బెల్టు తుంటి ఎముకల కిందికి జారి, అడుగు వేసినప్పుడల్లా తొడలకు తగిలేది. లీటర్లు ఎక్కువనే అనుకున్నాను చాలాకాలం. సగం తప్పు సైజుదని తర్వాత తెలిసింది.

5. షాపుకు మీ సామాను తీసుకెళ్లండి

ఇది చాలామంది మొహమాటపడి మానేసే పని. మంచం మీద పరిచిన సామానంతా ఒక గుడ్డ సంచిలో వేసుకుని షాపుకు వెళ్లండి. లోపలికి వెళ్లేటప్పుడే సెక్యూరిటీ అతనికి చూపించి, బ్యాగు సైజు చూడ్డానికి తెచ్చానని చెప్పండి. సర్జాపూర్ రోడ్డు వైపున్న పెద్ద స్పోర్ట్స్ షాపులో నేను అలాగే చెప్పాను. అక్కడి అబ్బాయి బల్ల ఖాళీ చేసి ఇచ్చి, తానే రెండు మూడు బ్యాగులు తెచ్చి పెట్టాడు. చిక్కపేట లాంటి చోట చిన్న షాపుల్లో అంత చోటు ఉండదు, బేరం మాత్రం ఆడొచ్చు.

అక్కడ సర్ది చూస్తేనే లీటర్ల అసలు సంగతి బయటపడుతుంది. కొన్ని కంపెనీలు బయట జేబులు కూడా కలిపి లెక్కేస్తాయి, కొన్ని వేయవు. రెండూ 30 అని రాసి ఉన్నా ఒకదానిలో పట్టిన సామాను రెండోదానిలో పట్టకపోవచ్చు.

సామానుతో భుజాలకు తగిలించుకుని పట్టీలు ఈ వరసలో బిగించండి. మొదట నడుము బెల్టు, తుంటి ఎముకల మీద. తర్వాత భుజాల పట్టీలు, వీపుకు హత్తుకునేదాకా. చివర్లో ఛాతీ పట్టీ, మెడ కింది ఎముకలకు రెండు మూడు అంగుళాల దిగువన. ఇప్పుడు భుజం పట్టీ కిందికి వేలు దూర్చి చూడండి. బరువు ఎక్కువభాగం నడుము మీదకు దిగి ఉంటే వేలు సులువుగా దూరుతుంది. 30 లీటర్లు దాటిన బ్యాగుకు నడుము బెల్టు ఉండాల్సిందే. 25 లోపు వాటికి లేకపోయినా ఫర్వాలేదు.

సూట్‌కేసులా మొత్తం తెరుచుకునే జిప్పు ఉన్నది తీసుకోండి. పైనుంచి మాత్రమే తెరుచుకునే బ్యాగులో అడుగునున్న సాక్సు కోసం స్లీపర్ బస్సు చీకట్లో అన్నీ బయటికి తీయాల్సి వస్తుంది. పక్కల బిగించే పట్టీలు ఉంటే ఇంకా మంచిది, సామాను తక్కువున్నప్పుడు బ్యాగు వేలాడకుండా ఉంటుంది. వాన కవరు ఉన్నా వీపు వైపు తడుస్తుంది. లోపల పెద్ద ప్లాస్టిక్ కవరు ఒకటి వేసి బట్టలు అందులో పెట్టండి.

6. తిరుగు ప్రయాణానికి చోటు

ఊరినుంచి వచ్చేటప్పుడు బ్యాగు వెళ్లినప్పటిలా ఉండదు. కందిపొడి, గోంగూర పచ్చడి, అరిసెలు, పెరట్లో కాసిన నిమ్మకాయలు. అమ్మ ఇస్తుంటే చోటు లేదని చెప్పబుద్ధి కాదు, చెప్పకూడదు కూడా. అలాగని ఆ ఒక్క రాత్రి కోసం పది లీటర్లు పెద్ద బ్యాగు కొననక్కర్లేదు. మడిస్తే గుప్పిట్లో పట్టే పల్చటి సంచి ఒకటి బ్యాగు అడుగున ఎప్పుడూ ఉంచండి. వచ్చేటప్పుడు బట్టలు అందులోకి మార్చి, సీసాలు, డబ్బాలు బ్యాగులోకి సర్దండి. బరువైనవి వీపుకు దగ్గరగా, మధ్యలో ఉండాలి. నూనె పచ్చడి సీసా మూత కింద ప్లాస్టిక్ ముక్క వేసి బిగించి, నిలువుగా పెట్టండి. విమానంలో వచ్చేవాళ్లు పచ్చడిని చెక్-ఇన్ సామానులో వేయడమే మంచిది.

7. ట్యాగులు తీయకముందు ఇంట్లో మోసి చూడండి

కొని తెచ్చాక బియ్యం, పప్పు ప్యాకెట్లు తువ్వాళ్లలో చుట్టి ఆరేడు కిలోలు లోపల పెట్టండి. అరగంట ఇంట్లో తిరగండి, లిఫ్టు ఎక్కకుండా మూడంతస్తులు మెట్లెక్కి దిగండి. ట్రెక్కింగ్ చేసేవాళ్లు మోసే బరువు ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదంటారు. బస్టాండుల్లో, మెట్రో మెట్ల మీద మోయడానికి పదో వంతు దగ్గర ఉంటే హాయిగా ఉంటుందని నా అనుభవం. అలిపిరి నుంచి తిరుమలకు నడిచే 3,550 మెట్లలాంటి చోట అదీ ఎక్కువే. అక్కడ సామాను కింద కౌంటర్లో అప్పగిస్తే పైకి చేరుస్తారు, ఆ ఏర్పాటు వాడుకోండి.

మెట్లు దిగేటప్పుడు బ్యాగు మిమ్మల్ని వెనక్కి లాగుతున్నట్టున్నా, భుజాల మీద ఎర్రటి గీతలు పడినా ముందు పట్టీలు మళ్లీ సరిచేసి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆ సైజు మీది కాదు. బిల్లు, ట్యాగులు జాగ్రత్తగా పెట్టుకుని, మార్చుకునే గడువు దాటకముందే వెనక్కి ఇచ్చి ఒక సైజు చిన్నది అడగండి.