స్కూల్ న్యూస్‌లెటర్‌లో ఆ ఒక్క పేజీ చదివి ఇంట్లో ఏం చేయాలి

మెల్‌బోర్న్‌లో క్యాథలిక్ ప్రైమరీ స్కూల్లో పిల్లల్ని వేసిన మనవాళ్ళ కోసం రాస్తున్నా. మనలో చాలామంది గుంటూరులోనో వరంగల్‌లోనో సిస్టర్ల స్కూల్లో చదివినవాళ్ళమే కదా, ఇదీ అలాగే ఉంటుందనుకుంటాం, డైరీ, రోజూ హోంవర్కు, ప్రోగ్రెస్ కార్డు, ర్యాంకు... ఇక్కడ ర్యాంకు మాటే ఉండదు. యాప్‌లో న్యూస్‌లెటర్ వస్తుంది, మనం మన పిల్ల ఫోటో పడిందా, స్కూల్ లేని రోజు ఎప్పుడు, ఈ రెండూ చూసి మూసేస్తాం. మధ్యలో టీచింగ్ అండ్ లెర్నింగ్ అని ఉంటుంది చూడండి, మనకి పనికొచ్చే సరుకంతా అక్కడే.

ముందు మీ పిల్లాడి ఇయర్ లెవెల్ వెతకండి. ఈ వారం సౌండ్స్ (అక్షరాలు పలికే ధ్వనులు) ఏవి, మాథ్స్‌లో ఏం చెప్తున్నారు, ఆర్‌ఈలో, అంటే రిలిజియస్ ఎడ్యుకేషన్ (మతబోధ) క్లాసులో ఏం నడుస్తోంది, ఈ మూడూ చీటీ మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. అంతే, 5 నిమిషాల పని.

ప్రెప్ (ఇయర్ 1 కి ముందుండే స్కూల్ మొదటి ఏడాది), ఇయర్ 1 వాళ్ళకి సౌండ్సే ముఖ్యం. 2024 నుంచి మెల్‌బోర్న్ ఆర్చ్‌డయోసిస్ స్కూళ్ళు, అంటే ఇక్కడి క్యాథలిక్ స్కూళ్ళు, టీచరే ప్రతి మెట్టూ విడమరిచి చెప్పే పద్ధతికి మారుతున్నాయి, గవర్నమెంట్ స్కూళ్ళలో కూడా 2025 నుంచి ప్రెప్ టు ఇయర్ 2 రోజుకి 25 నిమిషాలు ఫోనిక్స్ పెట్టారు. అంటే బొమ్మ చూసి పదం ఊహించడం కాదు, ఒక్కో సౌండ్ పలికి కలుపుకుంటూ చదవడం. ఇంటికి పంపే డీకోడబుల్ పుస్తకాలు అందుకే అంత చప్పగా ఉంటాయి, కథ లేదేంటి అని తిట్టుకోకండి, నేర్పిన సౌండ్లతోనే రాయాలి మరి.

ఇక్కడే మనవాళ్ళం తప్పు చేసేది, నేనూ చేశాను. ఎస్ అంటే "స", టీ అంటే "ట" అని నేర్పించా, వాడేమో సిట్ అనే పదాన్ని "స-ఇ-ట, సయిట" అని చదివేవాడు. ఎందుకంటే మన హల్లుల్లో అ దాక్కుని ఉంటుంది కదా. పొల్లుతో పలకండి, స్, ఇ, ట్, కలిపితే సిట్ అని దానంతటదే వచ్చేస్తుంది. అసలు మన గుణింతం అంతా ఇదే కదండీ, ప్ కి ఇ కలిస్తే పి, పక్కన న్ పెడితే పిన్! స్టాప్‌లో మొదటి రెండు సౌండ్లు మన ఒత్తు లాంటివి, స్, ట్ రెండూ విడిగా వినిపిస్తాయి. షిప్ అలా కాదు, మొదట్లో రెండు అక్షరాలున్నా సౌండ్ ఒకటే, ష్. ఎగ్‌ని "యెగ్" అనడం మనకి అలవాటు, అదొకటి చూసుకోండి. వీ, డబుల్యూ రెండూ మనకి "వ" నే, కానీ వీ కి పై పళ్ళు కింది పెదవికి తగలాలి, డబుల్యూ కి పెదాలు గుండ్రంగా చుట్టాలి, అద్దం ముందు ఇద్దరూ కలిసి చేస్తే భలే నవ్వొస్తుంది. రోజూ 10 నిమిషాలు చాలు. తెలుగు మాట్లాడటం మాత్రం ఆపకండి, ఇంగ్లీషు పాడవుతుందని ఎవరన్నా అంటే వినకండి.

మాథ్స్‌లో 47, 38 కలపమంటే వాళ్ళు 40, 30 కలిపి 70, 7, 8 కలిపి 15, మొత్తం 85 అని చెప్తారు. మనం వెంటనే "5 వేసి 1 చేతిలో పెట్టుకో" అంటాం, పిల్ల అయోమయంలో పడుతుంది. ముందు వాళ్ళ పద్ధతి చెప్పమనండి, మీరు వినండి. ఎక్కాలు మాత్రం నిర్భయంగా బట్టీ పట్టించండి, ఎలాగూ ఇయర్ 4 కి 10వ ఎక్కం దాకా రావాలి.

ఆర్‌ఈ గురించి హిందూ ఫ్యామిలీస్ చాలా అడుగుతుంటారు. ఆ క్లాసు అందరికీ ఉంటుంది, ఫస్ట్ కమ్యూనియన్, కన్ఫర్మేషన్ లాంటి చర్చి సంస్కారాలు మాత్రం బాప్టిజం తీసుకున్న క్యాథలిక్ పిల్లలకే. ఈస్టర్‌కి ముందు వచ్చే లెంట్‌లో, కారిటాస్ అనే క్యాథలిక్ సేవాసంస్థ వాళ్ళ ప్రాజెక్ట్ కంపాషన్ డబ్బా ఇంటికొస్తుంది, అందులో చిల్లర వేయించండి, మన ఇంట్లో హుండీ లాంటిదే.

న్యాప్లాన్ అంటే దేశమంతా పిల్లలకి పెట్టే పరీక్ష, ప్రైమరీలో ఇయర్ 3, 5 కి మార్చిలో. రిజల్ట్‌లో 4 లెవెల్స్ ఉంటాయి, పైనుంచి రెండోది స్ట్రాంగ్, అది వచ్చిందంటే బాగున్నట్టే, కోచింగ్ సెంటర్‌కి పరిగెత్తకండి. జూన్, డిసెంబర్ రిపోర్టుల్లో ఏ టు ఈ స్కేలు ఉంటే సీ అంటే ఆ ఏడాదికి ఉండాల్సిన చోట ఉన్నట్టు, మనం సీ చూసి ఏడుస్తాం గానీ.

టీచర్‌తో మీటింగ్ చాలా చిన్నది, "ఎలా చదువుతున్నాడు" అని అడిగితే "వెరీ వెల్" అంటారు, టైమ్ అయిపోతుంది. ఫ్రిజ్ మీద చీటీ పట్టుకెళ్ళి ఏ సౌండ్ దగ్గర ఆగుతున్నాడు, ఇంట్లో ఏం చేయించమంటారు అని అడగండి. సాయంత్రం స్లాట్లు ముందే అయిపోతాయి, లింక్ వచ్చిన రోజే బుక్ చేసేయండి.