మాస్కోలోని ‘నదీతీర గృహాన్ని’ చూడవలసిన తీరు

మాస్కో నది ఒడ్డున, క్రెమ్లిన్‌కు దాదాపు ఎదురుగా ఉన్న ఈ భవన సముదాయాన్ని ముందుగా బల్షోయ్ కామెన్నీ వంతెన మీద నుంచి చూడండి. దాని పరిమాణం, గాంభీర్యం దగ్గరికి వెళితే అందవు. బోరిస్ ఇయోఫాన్ రూపకల్పనలో, సోవియట్ ప్రభుత్వ ప్రముఖుల కోసం 1928–1931 మధ్య నిర్మించిన ఇందులో 505 ఫ్లాట్లతో పాటు సినిమాహాలు, నాటకశాల, దుకాణం, భోజనశాల ఉండేవి. అందరూ భోజనశాలలోనే తింటారన్న ఉద్దేశంతో వంటగదులను చిన్నవిగా కట్టారు.

తరువాత గోడల మీది స్మారక ఫలకాలను తీరికగా చదవండి. పదవుల కంటే మరణ సంవత్సరాలను గమనించడం ముఖ్యమని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ భవనం పతనం గోడల పగుళ్లతో కాక, సోవియట్ అధినేత స్టాలిన్ 1937–38లో సాగించిన రాజకీయ ప్రక్షాళన అరెస్టులతో మొదలైంది. మార్షల్ తుఖాచెవ్‌స్కీని 1937లో, మాజీ ప్రధాని రీకోవ్‌ను 1938లో కాల్చి చంపారు, ఇద్దరూ ఇక్కడివారే. అరెస్టయినవారి ఫ్లాట్లకు సీలు వేసి, కుటుంబాలను వెళ్లగొట్టి, అనేక సందర్భాల్లో ఒక్కో ఫ్లాటును పలు కుటుంబాలకు పంచారు.

భవనంలో 1989లో స్థాపించిన మ్యూజియం తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోండి. లోపల నేటికీ జనం నివసిస్తున్నారు కనుక, అనుమతి లేకుండా మెట్లెక్కకండి.